ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్‌లో పీఎల్‌సీ మాడ్యూల్ దొరకనప్పుడు: సమస్య - పరిష్కారం

డ్రాయింగ్ రేపు పొద్దున్నకి ఇవ్వాలి. ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ అనే కరెంటు డ్రాయింగుల సాఫ్ట్‌వేర్‌లో పీఎల్‌సీ (మెషిన్లని నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్) పెట్టే డైలాగ్ తెరిచి, కంపెనీ పేరు మీద నొక్కి, సిరీస్ మీద నొక్కి, కిందిదాకా వెతికారు. మీ టేబుల్ మీద అట్టపెట్టెలో ఉన్న మాడ్యూల్ నంబరు ఆ లిస్టులో లేదు. అప్పుడు చాలామంది దగ్గర్లో ఉన్న ఇంకో మాడ్యూల్ పెట్టేసి, పైన నంబరు మార్చేసి, పని అయిందనిపిస్తారు. దయచేసి అలా చేయకండి. ఒకసారి నేను చేశాను, దానివల్ల ఒక రైతు ఎంత ఇబ్బంది పడ్డాడో కింద రాశాను.

మాది భీమవరం వైపు ప్యానెల్ బోర్డుల పని. రొయ్యల చెరువుల ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ప్యానెళ్లు, ఐసు ఫ్యాక్టరీలు, మేత మిల్లులు, తణుకు, తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లులు, ఎక్కువగా ఇవే వస్తాయి. మాడ్యూల్ దొరకలేదని నాకు వచ్చే ఫోన్లలో సగం అసలు మాడ్యూల్ సమస్యే కాదు, వేరే ఏదో అయి ఉంటుంది. అందుకే ఏది ముందు చూస్తే టైం కలిసొస్తుందో ఆ వరుసలో చెప్తాను.

లిస్టు మొత్తం ఖాళీగా ఉంది, లేదా డేటాబేస్ తెరవలేకపోతున్నానని ఎర్రర్ వస్తోంది

ఇది మాడ్యూల్ లేకపోవడం కాదు. ఈ సాఫ్ట్‌వేర్ పీఎల్‌సీ వివరాలన్నీ ఏసీఈ_పీఎల్‌సీ.ఎండీబీ అనే యాక్సెస్ ఫైల్లో పెట్టుకుంటుంది. దాన్ని చదవాలంటే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్ ఉండాలి, అదీ 64 బిట్‌ది. కొత్తగా 32 బిట్ ఆఫీస్ వేశారు, లేకపోతే ఎవరో డిస్క్‌లో చోటు కోసం తెలియని పేర్లు చూసి అన్‌ఇన్‌స్టాల్ చేశారు, అంతే, నిన్నటిదాకా బాగున్న లిస్టు ఇవాళ ఖాళీ. 64 బిట్ ఇంజిన్ మళ్లీ వేయండి. 32 బిట్ ఆఫీస్ ఉందని అది మొరాయిస్తే మామూలుగా డబుల్ క్లిక్ చేయకుండా కమాండ్ ప్రాంప్ట్ నుంచి స్విచ్ పెట్టి నడపాలి, 2010 ఇంజిన్‌కైతే ప్యాసివ్ (/passive), 2016 దానికైతే క్వైట్ (/quiet). ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. ఇక్కడితో సరిపోతే మిగతాది చదవక్కర్లేదు.

లిస్టు ఉంది, మీ నంబరు ఒక్కటే లేదు

ముందు నంబరు సరిగ్గా చదివారా అని చూసుకోండి. సీమెన్స్ ఆర్డర్ నంబరు చివర 0ఎక్స్‌బీ0 అని ఉంటుంది, అవి రెండూ సున్నాలు, ఇంగ్లీషు అక్షరం ఓ కాదు. ఎక్సెల్ షీటు నుంచి ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) డ్రాయింగులు తయారు చేసేవాళ్లకి ఈ తప్పు మరీ ఎక్కువ. షీటులో ఉన్న కోడు డేటాబేస్‌లోని కోడుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక స్పేస్ ఎక్కువైనా, ఒక అడ్డగీత తక్కువైనా మాడ్యూల్ లేదనే అంటుంది.

తర్వాత తరం చూడండి. సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీలో సీపీయూ 1214సీ డీసీ/డీసీ/డీసీ రకానికి పాత నంబరు 6ఈఎస్7214-1ఏజీ31-0ఎక్స్‌బీ0, తర్వాత వచ్చింది 6ఈఎస్7214-1ఏజీ40-0ఎక్స్‌బీ0. మీ సాఫ్ట్‌వేర్ పాతదైతే లిస్టులో 31 కనిపిస్తుంది, షాపువాడు ఇచ్చేది 40. ఇలాంటప్పుడు పాతదాన్ని కాపీ చేసుకుని మొదలుపెట్టొచ్చు, కానీ కొత్త మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మతో ఒక్కో పిన్ను సరిచూసుకున్నాకే.

ఇంకొకటి, మీరు చూస్తున్నది ఏ ఫైలు? మా దగ్గర ఒక కంప్యూటర్లో ఈ ఎండీబీ మూడు చోట్ల ఉండేది: పాత వెర్షన్ ఫోల్డర్లో ఒకటి, కొత్త వెర్షన్‌లో ఒకటి, సర్వర్ మీద ఒకటి. నేను మాడ్యూల్ చేర్చింది ఒకదాంట్లో, సాఫ్ట్‌వేర్ చదివేది ఇంకోదాన్ని. విండోస్‌లో ఆ ఫైలు పేరు పెట్టి వెతికి, ఎన్ని కాపీలున్నాయో, ఏది ఏ రోజు మారిందో చూస్తే విషయం తెలిసిపోతుంది. డబ్ల్యూడీ.ఈఎన్‌వీ అనే సెట్టింగ్స్ ఫైల్లో ఎవరైనా ఫోల్డర్ దారి మార్చి పెట్టారేమో కూడా చూడండి.

ఇవన్నీ చూశాక కూడా లేదంటే, నిజంగా లేదన్నమాట. చేర్చాలి.

ఎడిటర్ తెరుచుకుంది, సేవ్ మాత్రం అవ్వట్లేదు

ఫైలు రీడ్ ఓన్లీగా ఉండొచ్చు, లేదా పక్క కంప్యూటర్లో ఎవరో అదే ఫైలు తెరిచి పెట్టుకుని ఉండొచ్చు. ఎండీబీ పక్కనే అదే పేరుతో ఎల్‌డీబీ ఫైలు కనిపిస్తే ఎవరో వాడుతున్నారని అర్థం. అందరూ మూసేశాక కూడా అది అలాగే ఉండిపోతే కరెంటు పోయినప్పుడు మిగిలిపోయిందన్నమాట, తీసేయొచ్చు. ఏం చేసినా ముందు ఎండీబీని తేదీ పేరుతో ఒక కాపీ తీసి పెట్టుకోండి.

మాడ్యూల్ చేర్చడం, అసలు తప్పులు జరిగేది ఇక్కడే

స్కీమాటిక్ ట్యాబ్‌లో అదర్ టూల్స్ దగ్గర పీఎల్‌సీ డేటాబేస్ ఫైల్ ఎడిటర్ ఉంటుంది. ఎడమవైపు చెట్టులాగా కంపెనీ, దాని కింద సిరీస్, దాని కింద రకం, దాని కింద మాడ్యూళ్లు. న్యూ మాడ్యూల్ నొక్కితే కోడు, వివరణ, అడ్రసు (ఒక్కో ఇన్‌పుట్, అవుట్‌పుట్ నంబరు) లెక్క, ఎన్ని టెర్మినళ్లు (వైరు బిగించే పిన్నులు), అడ్రసు ఉన్న పాయింట్లు ఎన్ని అని అడుగుతుంది. ఆ తర్వాత కుడివైపు టెర్మినళ్ల పట్టిక వస్తుంది, ఒక్కో వరుస ఒక్కో పిన్ను. ఆ పట్టికలో మీరు ఏం పెడితే డ్రాయింగులో అదే వస్తుంది, దాన్ని సరిచూసేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు.

నేను చేసిన తప్పు చెప్తాను. ఒక ఏరియేటర్ ప్యానెల్‌కి కాంటాక్టర్ (మోటారుని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిళ్లు 230 వోల్టులవి, అందుకని రిలే అవుట్‌పుట్ ఉన్న 1214సీ కొన్నాం, నంబరు 6ఈఎస్7214-1హెచ్‌జీ40-0ఎక్స్‌బీ0. నా డేటాబేస్‌లో ఉన్నది ట్రాన్సిస్టర్ రకం 1ఏజీ40. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, 14 ఇన్‌పుట్లు, 10 అవుట్‌పుట్లు, 2 ఎనలాగ్ ఇన్‌పుట్లు, రెండింట్లోనూ కింది కనెక్టర్‌కి 12 పిన్నులే. ఏజీని హెచ్‌జీ చేసి పెట్టేశాను.

ఆ 12 పిన్నులు దగ్గర పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. ట్రాన్సిస్టర్ రకంలో వరుసగా 3ఎల్+, 3ఎం, ఆ తర్వాత పది అవుట్‌పుట్లు, అన్నిటికీ కలిపి ఒకటే సప్లై. రిలే రకంలో ముందు 1ఎల్, దాని వెనక క్యూ0.0 నుంచి క్యూ0.4 దాకా ఐదు. ఆ తర్వాత 2ఎల్, దాని వెనక క్యూ0.5, 0.6, 0.7, 1.0, 1.1, ఇంకో ఐదు. అంటే కామన్లు (ఒక గుంపుకంతా సప్లై వచ్చే పిన్నులు) రెండు. 1ఎల్‌కి సప్లై ఇచ్చి 2ఎల్‌కి ఇవ్వకపోతే సగం అవుట్‌పుట్లు చచ్చినట్టే.

ప్యానెల్ కట్టే కుర్రాడు మాడ్యూల్ మీద రాసింది చూసుకుని, తన తెలివితో రెండు కామన్లకీ వైరు సరిగ్గానే ఇచ్చుకున్నాడు. కానీ డ్రాయింగ్ మాత్రం మారలేదు, ప్యానెల్ తలుపు లోపల జేబులో పెట్టిన కాగితం మీద 3ఎల్+, 3ఎం అనే ఉంది. కొన్ని నెలల తర్వాత తెల్లారగట్ల మూడింటికి ఫోన్. "అండీ, ఐదు ఏరియేటర్లు ఒక్కసారే ఆగిపోయాయండీ, మిగతా ఐదూ తిరుగుతున్నాయి, బొమ్మలో ఉన్నదొకటి, పెట్టెలో ఉన్నదొకటి అండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్. గంటన్నర నుంచి ఒక్కో కాంటాక్టర్ విప్పి చూస్తున్నాడట. తెల్లారేముందు చెరువులో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే సమయం అది. రైతు ఆక్సిజన్ గుళికలు చల్లుకుంటూ గట్టు మీద తిరుగుతున్నాడు. చివరికి చూస్తే 2ఎల్ దగ్గర స్క్రూ వదులైంది, అంతే. కాగితం మీద 2ఎల్ అని ఒక్క ముక్క ఉండి ఉంటే, ఐదు ఒకేసారి పోయాయంటే కామన్ దగ్గర చూడాలని ఆ అబ్బాయికి ఐదు నిమిషాల్లో తట్టేది. ఆ గంటన్నర బాధ్యత నాది.

ఆ రోజు నుంచి నేను చేసే పద్ధతి ఇది. మాన్యువల్‌లోని వైరింగ్ బొమ్మ ప్రింటు తీసుకుని పిన్నులు లెక్కపెడతాను. 1214సీకి పై కనెక్టర్‌లో 20, ఎనలాగ్‌కి 3, కింద 12, మొత్తం 35. ఎడిటర్‌లో టెర్మినళ్లు 35 అని ఇచ్చాక ఒక్కో వరుస నింపుతూ ప్రింటు మీద పెన్సిల్‌తో టిక్కు పెడతాను. సప్లై పిన్నులు, ఎర్తు, కామన్లు ఇవన్నీ అడ్రసు లేని మామూలు టెర్మినళ్లు, ఇన్‌పుట్లూ అవుట్‌పుట్లూ మాత్రమే అడ్రసు ఉన్న రకం. కామన్ ఎక్కడ ఉందో పట్టికలోనూ సరిగ్గా అక్కడే ఉండాలి, చివరికి తోసేయకూడదు. అయిపోయాక అట్టపెట్టెలోంచి మాడ్యూల్ బయటికి తీసి, స్క్రీన్ మీద పెట్టిన బొమ్మ పక్కన పట్టుకుని పైనుంచి కిందికి చదువుతాను. పది నిమిషాల పని.

మాడ్యూల్ పొడుగై నిచ్చెన (డ్రాయింగులో వైర్ల లాడర్) కిందికి దిగిపోతుంటే ఏ టెర్మినల్ తర్వాత విరగాలో అదే పట్టికలో బ్రేక్ ఆఫ్టర్ దగ్గర పెట్టొచ్చు. ఇన్‌పుట్ల తర్వాత ఒక బ్రేక్, మొదటి కామన్ గుంపు తర్వాత ఒకటి పెడితే డ్రాయింగ్ చదివేవాళ్లకి హాయిగా ఉంటుంది. గుంపు మధ్యలో మాత్రం విరగ్గొట్టకండి.

అడ్రసులు తప్పుగా పడుతున్నాయి

7 తర్వాత 8 వస్తోందా? అయితే అడ్రసు లెక్క డెసిమల్ మీద ఉంది. డెల్టా డీవీపీలోనూ, మిత్సుబిషి ఎఫ్ఎక్స్‌లోనూ ఇన్‌పుట్లు ఎక్స్0 నుంచి ఎక్స్7, ఆ వెంటనే ఎక్స్10. ఎక్స్8, ఎక్స్9 అనేవి లేనే లేవు. సీమెన్స్‌లోనూ ఐ0.7 తర్వాత ఐ1.0. మాడ్యూల్ వివరాల్లో బేస్ అడ్రసింగ్ ఆక్టల్‌కి (0 నుంచి 7 దాకానే అంకెలు వాడే లెక్క) మార్చండి. ఒక్కో పనికి మారుతుంటే ప్రాంప్ట్ పెట్టుకోండి, పెట్టేటప్పుడే అడుగుతుంది. ఎనలాగ్ ఇన్‌పుట్లది వేరే లెక్క, 1214సీలో మామూలుగా ఐడబ్ల్యూ64, ఐడబ్ల్యూ66 ఉంటాయి. అవి నేను చేత్తోనే రాస్తాను, సాఫ్ట్‌వేర్‌ని నమ్మను.

డేటాబేస్ సరిచేశాను, డ్రాయింగులో మాత్రం పాతదే ఉంది

అవును, అలాగే ఉంటుంది. ప్యారామెట్రిక్ (డేటాబేస్ చూసి సాఫ్ట్‌వేరే గీసే) మాడ్యూల్ బ్లాకు పెట్టిన క్షణంలో తయారవుతుంది, తర్వాత మీరు ఎండీబీలో ఏం మార్చినా అది దాని దాకా రాదు. పాత బ్లాకు తీసేసి మళ్లీ పెట్టాలి. అలా తీసేముందు అడ్రసులూ, వాటి పక్కన రాసిన వివరణలూ రిపోర్టుగా ఎక్సెల్‌లోకి తీసి పెట్టుకోండి, లేకపోతే "చెరువు 3 ఏరియేటర్ 2 రన్" లాంటివన్నీ మళ్లీ కొట్టుకోవాలి.

మాడ్యూల్ బొమ్మ వచ్చింది, మెటీరియల్ లిస్టులో రాలేదు

ఇది చాలామందికి తెలియదు. ఏసీఈ_పీఎల్‌సీ ఫైల్లో ఉండేది టెర్మినళ్లూ, బొమ్మా మాత్రమే. కొనాల్సిన సామాన్ల లిస్టులోకి వివరాలతో రావాలంటే కేటలాగ్ డేటాబేస్, అంటే డీఫాల్ట్_క్యాట్.ఎండీబీ, అందులోని పీఎల్‌సీఐఓ టేబుల్లో కూడా అదే కోడు, అదే కంపెనీ పేరు ఉండాలి. కేటలాగ్ బ్రౌజర్ తెరిచి ఎడిట్ పెట్టి ఒక వరుస చేర్చండి. కోడు చేత్తో కొట్టకుండా మొదటి ఫైల్లోంచి కాపీ చేసుకోండి, సున్నా-ఓ గొడవ మళ్లీ రాదు. ప్యానెల్ లేఅవుట్‌లో కొలతలతో రావాలంటే ఫుట్‌ప్రింట్ టేబుల్లో కూడా చేర్చాలి, అది ఇంకో పది నిమిషాలు.

ఈప్లాన్ వాడేవాళ్లకి

ఈప్లాన్ ఇంకో కరెంటు డ్రాయింగుల సాఫ్ట్‌వేర్, అందులో పద్ధతి వేరు. చాలా కంపెనీల మాడ్యూళ్లు ఈప్లాన్ డేటా పోర్టల్‌లో ఈడీజెడ్ ఫైళ్లుగా దొరుకుతాయి, దించుకుని పార్ట్స్ మేనేజ్‌మెంట్‌లోకి ఇంపోర్ట్ చేస్తే సరి. పార్టు వచ్చింది కానీ పీఎల్‌సీ బాక్సులో కనెక్షన్ పాయింట్లు లేవంటే ఆ పార్టుకి ఫంక్షన్ టెంప్లేట్లు (పిన్నుల వివరాలు) ఖాళీగా ఉన్నాయని. అవి నింపాలి, మళ్లీ అదే వైరింగ్ బొమ్మ పక్కన పెట్టుకుని.

నా కంప్యూటర్లో వస్తోంది, పక్కవాళ్ల దాంట్లో రావట్లేదు

మీరు చేర్చింది మీ సొంత కాపీలో. ఇద్దరికంటే ఎక్కువ మంది ఉంటే సర్వర్ మీద ఒకే ఎండీబీ పెట్టి అందరినీ దానికే కలపండి, మార్చే హక్కు ఒక్కరికే ఇవ్వండి. మా దగ్గర చేర్చిన ప్రతి మాడ్యూల్‌కీ వివరణలో చేర్చినవాళ్ల పేరూ, తేదీ, ఏ మాన్యువల్ చూసి చేశారో రాస్తాం. వెర్షన్ మారినప్పుడు కొత్త ఇన్‌స్టాల్‌తో కొత్త ఎండీబీ వస్తుంది, అందులో మీవి ఉండవు. మైగ్రేషన్ యుటిలిటీతో పాతవి కలుపుకోండి. కలిపాక మీరు చేర్చిన వాటిలో రెండు మూడు తీసి ఒక ఖాళీ షీటు మీద పెట్టి, కామన్లు ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసుకున్నాకే పాత వెర్షన్ తీసేయండి.