పల్లి నూనె వాసన వస్తోందా? పల్లీలను తిట్టేముందు డబ్బా చూడండి

యాసంగి పల్లీలు ఇళ్లకు చేరి, వనపర్తిలోని మా గానుగ తీరిక లేకుండా తిరిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎవరూ ఏమీ అనరు. మే ఎండలు ముదిరాక ఒక్కొక్కరే డబ్బా పట్టుకుని వస్తారు. ‘నూనె వాసన వస్తోంది, పల్లీల్లోనే ఏదో తేడా ఉంది’ అంటారు. నేను పల్లీల సంగతి ఎత్తను. ‘ఈ నూనె పోసేముందు డబ్బాలో ఏముంది?’ అని అడుగుతాను. సగం మంది జవాబు ఒకటే: ‘పాత నూనె రెండు గరిటెలు మిగిలితే దాని మీదే పోశాం.’

పాలు పెరుగు కావడానికి చెంచాడు తోడు చాలు కదా! ఇక్కడా అంతే. పాత నూనెలో గాలి తగిలి అప్పటికే తయారైన పెరాక్సైడ్లనే పదార్థాలు కొత్త నూనెకు తోడవుతాయి. అందుకే నూనె పట్టించే రోజు ఖాళీ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. కనరు వాసన తగిలిందంటే సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, చుక్క తడి లేకుండా ఎండబెట్టండి. గరాటును, మూత లోపలి రబ్బరు వాషరును మరిచిపోవద్దు. అన్నీ కడిగి వాషరును వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇంత చిన్న పని చేయకుండా నాలుగు బస్తాల పల్లీలను అనుమానించేవారిని ఏటా చూస్తున్నాను.

వాసన లేని ఫిర్యాదులు రెండున్నాయి, వాటిని ముందే తేల్చేద్దాం.

చలికి మసకబారింది: పల్లి నూనెలో అరాకిడిక్, బెహెనిక్ వంటి పొడవాటి సంతృప్త కొవ్వు ఆమ్లాలు కొద్దిగా ఉంటాయి. అరాకిడిక్ అన్న పేరే పల్లి శాస్త్రీయనామం అరాకిస్ హైపోజియా నుంచి వచ్చింది. చలికి ముందుగా పేరుకునేవి ఇవే. డిసెంబరు తెల్లవారుజామున మసకగా ఉండి, ఎండ తగలగానే తేటపడితే అది దోషం కాదు. డబ్బా మొత్తం వనస్పతిలా తెల్లగా గడ్డకడితే మాత్రం పామాయిల్ కలిసిందేమో పరీక్ష చేయించండి. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే.

సకినాలు వేయగానే పొంగింది: కొత్త గానుగ నూనెలో తేమ, ఫాస్ఫోలిపిడ్లనే జిగురు పదార్థాలు మిగిలి ఉంటాయి. నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి కిందికి దిగాక పైతేట వంచుకోవాలి. పదేపదే వేయించిన నూనె నురగ తీరు వేరు. నల్లబడి, చిక్కబడి, ఎంతసేపటికీ నురగ దిగదు. అందులో ధ్రువ పదార్థాలు, అంటే వేడికి నూనె విరిగి ఏర్పడేవి, 25 శాతం దాటితే మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇక వాడకూడదు. ఆలుగడ్డ ముక్క వేసి వేయిస్తే శుద్ధి అవుతుందన్నది ఉత్త మాట. పారబోయండి.

ఇక వాసన సంగతి. చెడిపోవడంలో రెండు దారులున్నాయి, మందు కూడా వేర్వేరు. నూనె అణువంటే ఒక గ్లిజరాల్‌కు అంటుకున్న మూడు కొవ్వు ఆమ్లాలు. తేమ, గింజలోని కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైము కలిస్తే ఆ ఆమ్లాలు ఊడిపోతాయి. కొబ్బరి నూనెలో ఇది సబ్బు వాసనగా తెలుస్తుంది. పల్లి నూనెలో వాసన కన్నా గొంతులో గీర ఎక్కువ. సరిగా ఎండని పల్లీలు, వంపకుండా వదిలేసిన మడ్డి దీనికి కారణం. కాయ ఊపితే గలగలమనాలి, గింజ నలిపితే పొట్టు ఊడాలి, కొరికితే పుటుక్కున విరగాలి. అప్పుడే పట్టించండి.

రెండోది గాలి చేసే పని. ఇందులో రంగుల డబ్బా మూత తీసినప్పటి వాసన వస్తుంది. కొవ్వు ఆమ్లపు గొలుసులో ద్విబంధాలు ఎన్ని ఎక్కువుంటే ఆక్సిజన్‌కు అంత లోకువ. రెండు ద్విబంధాలున్న లినోలిక్ ఆమ్లం, ఒకటే ఉన్న ఓలిక్ కన్నా పది రెట్లకు పైగా వేగంగా పాడవుతుంది. కొబ్బరి నూనెలో 90 శాతం దాకా సంతృప్తమే, అంటే ద్విబంధాలు లేనిదే, కాబట్టి అది నిలుస్తుంది. మామూలు కుసుమ నూనెలో 70 శాతానికి పైగా లినోలిక్, కాబట్టి త్వరగా వాడేయాలి. పల్లి నూనె మధ్యలో ఉంటుంది, శుభ్రంగా ఉంచితే నెలల తరబడి బాగుంటుంది.

మరి అన్నీ శుభ్రంగా ఉన్నా మూడు వారాలకే వాసన వస్తే? నాకు చేయి కాలింది ఇక్కడే.

నాలుగేళ్ల క్రితం అడుగున నల్లా ఉన్న స్టీలు డ్రమ్ము కొన్నాను. ఆ వేసవి నుంచి నా దగ్గర కొన్న నూనె తిరిగి రావడం మొదలైంది. పల్లీలు మార్చాను, ఇంకో రెండు రోజులు ఎక్కువ ఎండబెట్టాను, డ్రమ్మును తోమి తోమి చేతులు అరిగాయి. ఫలితం లేదు. విచిత్రం ఏమిటంటే, గానుగ దగ్గరే సొంత డబ్బాలో పట్టుకుపోయినవారి నూనె బాగుంది. ఒక పొద్దున నల్లా తిప్పి గాజు గ్లాసులో మొదటి ధార పట్టాను. నూనెలో లేత ఆకుపచ్చ ఛాయ. నల్లా విప్పితే మర చుట్ల మధ్య పాచిలాంటి పచ్చటి జిగురు. ఆకురాయితో గీస్తే మెరుపు పూత కింద పసుపుపచ్చటి ఇత్తడి బయటపడింది.

ఇత్తడి అంటే రాగి, జింకు. పచ్చ జిగురు రాగి, కొవ్వు ఆమ్లాలు కలిసి ఏర్పడిన సబ్బు. పెరాక్సైడ్లకు సొంత వాసన లేదు. అవి విరిగి హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లు పుట్టినప్పుడే ముక్కుకు తెలుస్తుంది. పెరాక్సైడ్లను త్వరగా విరగ్గొట్టేది రాగి, ఆ పనిలో తాను ఖర్చయిపోదు. శుద్ధి చేయని నూనెలో కిలోకు 0.4 మిల్లీగ్రాములకు మించి రాగి ఉండకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం చెబుతుంది. అంటే 15 కిలోల డబ్బాకు 6 మిల్లీగ్రాములు, సుమారు రెండు నువ్వు గింజల బరువు!

రాగి దొరకని దొంగ ఎందుకంటే, నూనెలోని విటమిన్ ఇ కొన్ని వారాలు అడ్డుపడుతుంది. అది అయిపోగానే నిన్నటి దాకా బాగున్న నూనె ఒక్కసారిగా చెడినట్టు కనిపిస్తుంది. అయస్కాంతాన్ని నమ్మకండి, అది ఇత్తడికీ అంటదు, మంచి స్టీలుకూ దాదాపు అంటదు. ఒకే రోజు నూనెను రెండు గాజు సీసాల్లో మెడ దాకా నింపండి. ఒకటి నేరుగా గానుగ నుంచి, రెండోది నల్లా మొదటి ధార. చీకటి అలమరలో పెట్టి, పదో రోజు, ఇరవయ్యో రోజు అరచేతుల మధ్య చుక్క రుద్ది వాసన చూడండి. రెండోదే ముందు చెడితే నల్లా మార్చి స్టీలుది వేయించండి.

ఇళ్లల్లో ఈ దొంగ వేరే వేషాల్లో ఉంటుంది: నూనె కొలిచే రాగి చెంబు, డబ్బాలోనే వదిలేసిన ఇత్తడి గరిటె, కళాయి పోయిన గిన్నె. ఇత్తడి గిన్నెలకు పెద్దలు కళాయి ఊరికే పెట్టించలేదు. తుప్పు పట్టిన ఇనుము కూడా ఇదే పని చేస్తుంది, కాస్త నెమ్మదిగా. ఒకసారి కనరెక్కిన నూనెను మరిగించినా బాగుపడదు. దీపానికి వాడుకోండి. ఇత్తడి కుందెలో పోసినా ఇక పోయేదేమీ లేదు.

కిటికీలో పెట్టిన గాజు సీసా, పక్కన నిల్వ చేసిన పురుగుమందు వాసన పట్టడం వంటివి కూడా ఎదురయ్యాయి, కానీ అరుదు. పైవన్నీ చూశాక వాటి జోలికి వెళ్లవచ్చు.

నా పాత నల్లాను పెరట్లో నీళ్ల తొట్టికి బిగించాను. అక్కడ చక్కగా పనిచేస్తోంది.