మలీషియస్ అనే మాట ఎప్పుడు, ఎలా వాడాలి?

గోదావరి కాలవల కింద తగాదాలు ఎక్కువగా నీటి దగ్గరే మొదలవుతాయి. రొయ్యల చెరువు ఉప్పునీరు పక్కవాళ్ల వరిచేలోకి వచ్చిందనో, రాత్రికి రాత్రి బోదె గట్టుకు ఎవరో గండి కొట్టారనో. పెద్దమనుషుల దగ్గర తెగకపోతే అర్జీ రాయిస్తారు. అది ఇంగ్లీషులో రాస్తే ‘మలీషియస్’ అన్న మాట ఎక్కడో ఒకచోట వచ్చి కూర్చుంటుంది. ఎదుటి మనిషి మీద పెద్ద నింద అది. అందుకే చూసుకుని వాడాలి.

ముందు అర్థం పట్టుకోండి. నష్టం ఎంతన్నది ఈ మాటకు పట్టదు, చేసినవాడి మనసులో ఏముందన్నదే చూస్తుంది. అవతలివాడు చెడాలని కోరి చేసింది మలీషియస్. కోర్టు తెలుగులో దురుద్దేశపూర్వకం, ఊళ్లో అయితే ‘కక్షగట్టి చేశాడు’. పలికేటప్పుడు ‘మలిషస్’ అని, ‘లి’ మీద ఒత్తి పలకాలి. చెడు అనే అర్థమున్న లాటిన్ ‘మాలుస్’ దీనికి మూలం.

తర్వాత, ఉద్దేశమా నిర్లక్ష్యమా తేల్చుకోండి. అసలు పని ఇక్కడే ఉంది. భీమవరం వైపు ఒక చెరువులో తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలి చచ్చిపోయాయనుకోండి. మందు కలిపారన్న అనుమానం వెంటనే వస్తుంది. కానీ మబ్బు పట్టిన రోజు తర్వాత రాత్రి కరెంటు పోయి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి కూడా అలాగే చస్తాయి. నీళ్లు పరీక్ష చేయించకుండా మలీషియస్ అని రాయకూడదు. పక్క చెరువాయన తూము సరిగా మూయక ఉప్పునీరు వచ్చిందా? అది నిర్లక్ష్యం, ఇంగ్లీషులో నెగ్లిజెంట్. ‘నీ చేను పండనివ్వను’ అని నలుగురిలో అని, ఆ రాత్రే తూము ఎత్తాడా? అప్పుడు మలీషియస్ అనండి.

వాక్యంలో ఇది పనికో, మాటకో, ఉద్దేశానికో ముందు వస్తుంది: మలీషియస్ రూమర్, మలీషియస్ కంప్లైంట్, విత్ మలీషియస్ ఇంటెంట్. మనసులేని వాననూ వరదనూ అలా అనరు. ఫోన్లలో దూరే మాల్‌వేర్ మాత్రం మలీషియస్ సాఫ్ట్‌వేరే, రాసినవాడి ఉద్దేశాన్ని బట్టి ఆ పేరు.

దగ్గరి మాటలతో కలిపేయకండి. మిస్చివస్ అంటే మామూలుగా పిల్లల అల్లరి. మలిగ్నంట్ ఎక్కువగా క్యాన్సర్ గడ్డకు వాడతారు. అయితే చట్టంలో ‘మిస్చిఫ్’ అల్లరి కాదు, ఎదుటివాళ్ల ఆస్తికి నష్టం చేసే నేరం. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది 324వ సెక్షన్. సాగునీరు తగ్గేలా చేస్తే 326 కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

అర్జీదారుడికి ఇందులో పెద్ద ఊరట ఉంది. మిస్చిఫ్‌కు పగ రుజువు చేయనక్కర్లేదు, నష్టం జరుగుతుందని తెలిసి చేశాడని చూపినా సరిపోతుంది. కాబట్టి విశేషణం మీద ఆధారపడకండి. గండి ఏ తేదీన, ఎన్ని గంటలకు చూశారో, పార ఎవరి చేతిలో ఉందో, ఎవరు సాక్ష్యమో, అంతకుముందు ఏం బెదిరించాడో అన్నీ వరసగా రాయండి. మలీషియస్ అన్న మాట పెట్టాలనిపిస్తే ఆ బెదిరింపు రాసిన వాక్యం తర్వాతే పెట్టండి. అబద్ధమని తెలిసీ హాని చేయాలని కేసు పెడితే అదే సంహితలోని 248వ సెక్షన్ అర్జీ పెట్టినవాళ్ల మీదికే వస్తుంది.