పెళ్లికి అప్పు చేసే ముందు జాగ్రత్తలు

కల్యాణ మండపానికి బయానా ఇవ్వకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ఇవి చూసుకోండి. ఇచ్చాక వెనక్కి తగ్గడం కష్టం.

• లేకపోతే పెళ్లే జరగనివి ఒక కాగితం మీద రాయండి: మంగళసూత్రాలు, మెట్టెలు, పెళ్లిబట్టలు, పురోహితుడి సంభావన, భోజనాలు, వివాహ నమోదు. డ్రోన్ వీడియో, సంగీత్, రిటర్న్ గిఫ్టులు రెండో కాగితంలోకి వెళ్లాలి. వాటిలో దేనికీ అప్పు చేయకండి.

• వడ్డీని ఏడాదికి లెక్క కట్టండి. నూటికి రెండు రూపాయలంటే చిన్నదిగా వినిపిస్తుంది కానీ అది ఏడాదికి 24 శాతం. 5 లక్షలు తెస్తే నెలకు 10,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

• భోజనం అవసరమే, ముప్పై రకాలు అవసరం కాదు. పప్పు, రెండు కూరలు, పులిహోర, గారె, బూరె, గడ్డపెరుగు ఉంటే ఎవరూ ఆకలితో లేవరు. సగం తిన్న విస్తళ్లు చెత్తబండి ఎక్కుతుంటే చూడలేం.

• పిల్లల ఫీజుకో, గేదె కొనడానికో పొదుపు సంఘంలో తీసుకున్న డబ్బును పెళ్లికి మళ్లించకండి. కంతు తప్పితే తోటి సభ్యులందరికీ కొత్త అప్పు పుట్టడం కష్టమవుతుంది.

• కట్నం ఏ కాగితంలోనూ ఉండకూడదు. 1961 నాటి చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే.

• చదివింపులను ఆదాయంగా వేసుకోకండి. అవి రేపు మనం తిరిగి పెట్టాల్సినవి.

• అమ్మాయినీ అబ్బాయినీ విడిగా అడగండి, ఏది కావాలో. చాలా సందర్భాల్లో ఆర్భాటం కోరేది వాళ్లు కాదు, బంధువులు.