ఖాళీ డ్యూటీ పాఠాలు – 4: మాస్కు పట్టే చెయ్యి

పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు గాలి అందించే మాస్కు పట్టు ఈసారి నేర్పుతానని మాటిచ్చాను. ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి. అంబు బ్యాగు (చేత్తో నొక్కి మాస్కు గుండా బిడ్డకు గాలి పంపే సంచి) విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించమన్నాను. చాలామంది విప్పారు. బిగించాక గాలి రావడం లేదని రాశారు. ఒక సిస్టర్ అలాంటి బ్యాగునే వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే బల్ల) పక్కన పెట్టి డ్యూటీ దిగారట, పొద్దున్నే గుర్తొచ్చి పరుగెత్తారట. వాల్వు ఎటు తిరిగి ఉండాలో నేను రాయలేదు. చూస్తే తెలిసిపోతుందనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

మాస్కు తగిలించే కొన దగ్గర చేపనోరులాంటి మెత్తని వాల్వు ఉంటుంది. ఆ పెదాలు బిడ్డ వైపు తెరుచుకోవాలి. తిరగేసి పెడితే గాలి దాటదు. అసలు పెట్టకపోతే నొక్కిన గాలి పక్క సందుల్లోంచి పోతుంది. బ్యాగు వెనక ఇంకో పలుచని వాల్వు ఉంటుంది. అది లేకపోతే ఎంత నొక్కినా గాలి వెనక్కే పోతుంది.

పరీక్ష పది సెకన్ల పని. మాస్కును అరచేతికి గట్టిగా ఆనించి బ్యాగు నొక్కండి. చేతికి ఎదురు తగలాలి. ఇంకా నొక్కితే, ఎక్కువైన గాలిని బయటికి వదిలే ప్రెషర్ వాల్వు బుస్సుమనాలి (30 నుంచి 40 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర అది తెరుచుకుంటుంది). వదలగానే బ్యాగు టక్కున ఉబ్బాలి. ఎదురు తగలకుండా మెత్తగా పోతే వెనక వాల్వు చూడండి. నొక్కినా గాలి కదలకపోతే చేపనోరు చూడండి. ఉబ్బడానికి ఆలస్యమైతే గాలి లోపలికి వచ్చే దారి చూడండి.

నేను పనిచేసిన ఒకచోట రాత్రి మూడింటికి ఊపిరి తీయని బిడ్డ కోసం, కడిగి పెట్టిన బ్యాగు తీస్తే మెత్తగా పోయింది. ఇంకో బ్యాగు బీరువాలో ఉంది, తాళంచెవి పగటి డ్యూటీ వాళ్ల దగ్గర. వీపు రుద్దుతుండగానే ఆ బిడ్డ ఏడ్చింది. ఆ రోజు నుంచి డ్యూటీ తీసుకోగానే అరచేతి పరీక్ష చేశాకే రిజిస్టరు ముట్టుకుంటున్నాను.

"మా పీహెచ్‌సీలో నెలకు పది కాన్పులు కూడా లేవు, ఇదంతా ఎందుకు?" అని ఒకరు అడిగారు. లెక్క వేద్దాం. నెలలు నిండిన 100 మందిలో సుమారు 85 మంది తమంతట తామే ఊపిరి తీస్తారు. ఇంకో 10 మంది తుడిచి వీపు రుద్దితే తీస్తారు. మిగిలిన 5 గురికి బ్యాగు కావాలి. నెలకు పది కాన్పులంటే ఏడాదికి 120, అంటే ఆరుగురు. నలుగురు సిస్టర్లు డ్యూటీలు పంచుకుంటే మీ చేతికి ఏడాదికి ఒకరో ఇద్దరో వస్తారు. ఏడాదికొకసారి చేసే పని చేతికి గుర్తుండదు. కాన్పులు తక్కువున్న చోటే సాధన ఎక్కువ కావాలి. అందుకే ఈ పాఠాలు ఖాళీ డ్యూటీ కోసం రాస్తున్నాను.

ఇక పట్టు. నెలలు నిండిన బిడ్డకు 1 నంబరు మాస్కు, నెలలు తక్కువైతే 0. నాకు గుండ్రటి సిలికాన్ మాస్కే ఇష్టం. గడ్డం దగ్గర ఆనించి, అక్కడి నుంచి ముక్కు మీదికి వాల్చండి. నోరు, ముక్కు మూతపడాలి, కళ్ల మీదికి పోకూడదు. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద.

ఇప్పుడు నన్ను బాధపెట్టే సంగతి. ఛాతీ లేవకపోతే అందరూ రెండు పనులు చేస్తారు: మాస్కును ముఖం మీదికి అదుముతారు, బ్యాగును ఇంకా గట్టిగా నొక్కుతారు. రెండూ తప్పే. పుట్టిన బిడ్డకు తల వెనక భాగం పెద్దది. పైనుంచి అదిమితే తల ముందుకు వంగి మెడ మడత పడుతుంది. మీరే చేసి చూడండి: గడ్డం ఛాతీకి ఆనించి దీర్ఘంగా ఊపిరి తీయండి. తర్వాత తల పూర్తిగా వెనక్కి వేసి తీయండి. రెండుసార్లూ ఇబ్బందే. మడత పడిన నీళ్ల పైపుకు కుళాయి ఇంకా తిప్పితే చెట్టుకు నీళ్లు రావు, పైపు ఊడిపోతుంది. ఇక్కడ ఆ గాలి బిడ్డ పొట్టలోకి పోతుంది. అదే జోరుతో నొక్కుతుండగా దారి తెరుచుకుంటే ఊపిరితిత్తికే దెబ్బ.

మాస్కును ముఖం మీదికి తొయ్యకండి, దవడను మాస్కులోకి ఎత్తండి. మూడు వేళ్లు దవడ ఎముక మీద ఉండాలన్నది ఇందుకే. అవి గడ్డం కింది మెత్తని కండలోకి జారితే నాలుక వెనక్కి పోయి దారి మూసుకుంటుంది. భుజాల కింద అంగుళం మందాన మడిచిన గుడ్డ పెట్టండి, మెడ కొద్దిగా మాత్రమే వెనక్కి వంగాలి. అప్పటికీ లేవకపోతే ముందు మాస్కు సర్దండి, తర్వాత మెడ, తర్వాత నోట్లో ఏమైనా ఉంటే తీయండి, నోరు కాస్త తెరవండి. ఇవన్నీ అయ్యాకే ఇంకొంచెం నొక్కండి. నిద్రపోయే బిడ్డ ఛాతీ ఎంత లేస్తుందో అంత లేస్తే చాలు. మీ కళ్లు బ్యాగు మీద కాదు, ఛాతీ మీద ఉండాలి.

లయ: "నొక్కు, వదులు, వదులు". నిమిషానికి 40 నుంచి 60 సార్లు. 30 సెకన్లయ్యాక ఆగి, బిడ్డ తనంతట తాను ఊపిరి తీస్తోందేమో చూడండి.

సాధన: పది డ్యూటీలు, డ్యూటీకి ఒకసారి. సాధనకు వాడే పసిబిడ్డ బొమ్మను కాన్పు బల్ల మీదే పెట్టండి, బ్యాగు రోజూ ఉండే చోటే ఉండాలి. తోటి సిస్టర్ "పుట్టింది" అనగానే మొదలుపెట్టి తుడవడం, వీపు రుద్దడం, వార్మర్ మీదికి తేవడం చేసి, ఒక నిమిషంలోపు బొమ్మ ఛాతీ లేపాలి. ఆమె ఫోన్‌లో వీడియో తీయాలి. పదిలో రెండుసార్లు లైట్లు ఆర్పి, టార్చి వెలుగులో చేయండి. బొమ్మ మీ దగ్గర లేకపోతే జిల్లా ఆసుపత్రి శిక్షణ గదిలో అడగండి. నిమిషం దాటిన ప్రతిసారీ ఎక్కడ ఆలస్యమైందో వీడియోలో చూసి ఒక్క వాక్యం రాసి పంపండి. వచ్చే పాఠం వాటి మీదే.