సైన్ ప్రమేయంలో దశ గుర్తు తప్పితే: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: రేఖాచిత్రం తప్పు దిక్కుకు జరిగింది.

మహబూబ్‌నగర్‌లో పగటి నిడివి జూన్ 21 ప్రాంతంలో సుమారు 13 గంటలు, డిసెంబర్ 21 ప్రాంతంలో సుమారు 11 గంటలు ఉంటుంది. పగలు, రాత్రి దాదాపు సమానమయ్యే మార్చి 21 ఏడాదిలో 80వ రోజు కనుక, ఈ నిడివిని ప్రమేయంగా రాయమన్నప్పుడు ఇంటర్ విద్యార్థులు తరచుగా 12 + సైన్[(360°/365)(రో + 80)] అని రాస్తారు. ఇందులో ‘రో’ జనవరి 1 నుంచి లెక్కించిన రోజు సంఖ్య; దానికి కలిపిన 80 దశను, అంటే రేఖ పక్కకు జరిగే మేరను, నిర్ణయిస్తుంది. ఈ సూత్రం ప్రకారం అన్నిటికంటే పొడవైన పగలు జనవరి 11న వస్తుంది. సంక్రాంతి ముందటి చలిని ఎరిగిన పాలమూరువాసి ఎవరూ దానిని ఒప్పుకోరు.

కారణం: కుడికి జరపాలంటే కూడాలి అన్న అలవాటు. నిజానికి సైన్ రేఖ మధ్యస్థాయి నుంచి పైకి లేవడం మొదలయ్యేది కోణం సున్నా అయిన చోట. రో + 80 సున్నా కావాలంటే రో విలువ −80 కావాలి, అంటే రేఖ ఎడమకు పోయింది.

పరిష్కారం: కుడి, ఎడమల నియమాన్ని కంఠస్థం చేయకుండా, బ్రాకెట్‌ను సున్నాకు సమానం చేసి ఆరంభ స్థానాన్ని కనుక్కోవాలి. రో − 80 అని రాస్తే గరిష్ఠం 171వ రోజున, జూన్ 20న వస్తుంది. మిగిలిన ఒక రోజు తేడా, ఏడాదిని నాలుగు సమాన భాగాలుగా తీసుకున్న మన మోటు లెక్కది.

సమస్య: దిక్కు సరిగానే ఉంది, దూరం తప్పింది.

సైన్(2ఎక్స్ − 60°) రేఖ 60° కాదు, 30° మాత్రమే జరుగుతుంది. గుణకం 2ను బయటికి తీసి 2(ఎక్స్ − 30°) అని రాశాకే జరుగుబాటును చదవాలి.

సమస్య: రేఖ మొత్తం తలకిందులైంది.

−√3 సైన్ ఎక్స్ + కొసైన్ ఎక్స్‌ను 2 సైన్(ఎక్స్ + కోణం) రూపంలోకి మార్చేటప్పుడు కొసైన్ గుణకాన్ని సైన్ గుణకంతో భాగించి వచ్చిన −1/√3కు క్యాలిక్యులేటర్‌లో విలోమ టాన్ −30° చూపిస్తుంది, ఎందుకంటే అది −90°, 90°ల మధ్య కోణాలనే ఇస్తుంది. ఇక్కడ సైన్ గుణకం రుణం, కొసైన్ గుణకం ధనం కాబట్టి కోణం రెండో పాదంలో ఉండాలి; సరైన విలువ 150°. ఎక్స్ = 0 వద్ద అసలు విలువ 1, −30°తో వచ్చేది −1. ఈ ఒక్క ప్రతిక్షేపణ చేయడానికి అర నిమిషం కూడా పట్టదు, అయినా పరీక్ష హాలులో ఎందుకో ఎవరూ చేయరు.

సమస్య: జవాబు పుస్తకంతో కలవదు, లెక్కలో తప్పూ దొరకదు.

భౌతికశాస్త్రంలో కుడికి సాగే తరంగాన్ని ఒకరు సైన్(కేఎక్స్ − ఒమేగాటీ) అనీ, మరొకరు సైన్(ఒమేగాటీ − కేఎక్స్) అనీ రాస్తారు (ఎక్స్ స్థానం, టీ కాలం; కే, ఒమేగా ఆ తరంగానికి చెందిన స్థిరాంకాలు). రెండూ కుడికే సాగుతాయి; సైన్ బేసి ప్రమేయం (కోణం గుర్తు మారితే విలువ గుర్తూ మారుతుంది) కనుక వాటి మధ్య 180° దశాభేదం ఉంటుంది, ఆరంభ దశను ఆ మేరకు సవరిస్తే జవాబులు కలుస్తాయి. కొసైన్ సరి ప్రమేయం (కోణం గుర్తు మారినా విలువ మారదు) కాబట్టి దానితో రాసినవారికి ఈ తేడా ఎదురుకాదు.