‘టు ద డే’ రాసే ముందు తేదీ చూసుకోండి

మా డెస్కులో అనువాదానికి కూర్చునే కొత్తవాళ్లకు ముందే చెబుతుంటాను: ఇంగ్లిష్ కాపీలో ‘ఫిఫ్టీ ఇయర్స్ టు ద డే’ అని కనిపించగానే ‘నేటికి యాభై ఏళ్లు’ అని కొట్టేయకండి. అక్కడ ‘డే’ అంటే ఈ రోజని కాదు. రెండు సంఘటనల మధ్య ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాకుండా అన్నేళ్లు గడిచాయని. తేదీ, నెల రెండూ కలవాలి.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది 1776 జులై 4న. దాని రచనలో పాలుపంచుకున్న జెఫర్సన్, ఆడమ్స్ ఇద్దరూ పోయింది 1826 జులై 4న. ఇలాంటి చోట కోసమే పుట్టిందా అనిపిస్తుంది ఆ మాట. తెలుగులో ‘సరిగ్గా యాభై ఏళ్లకు, అదే తేదీన’ అంటే సరిపోతుంది. ఒక్క ‘సరిగ్గా’తో సరిపెడితే పట్టు చాలదు.

మన చరిత్రలోనూ ఉంది. సర్దార్ పటేల్ 1950 డిసెంబర్ 15న బొంబాయిలో కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచింది 1952 డిసెంబర్ 15 రాత్రి. ఇక్కడ ‘టూ ఇయర్స్ టు ద డే’ అని ధీమాగా రాయొచ్చు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న ఏర్పడ్డాయి. రెండూ ఒకటో తారీఖులే, కానీ నెల మారింది. కుదరదు.

వాడేటప్పుడు ముందు ఎన్నేళ్లో చెప్పి, వెంటనే ‘టు ద డే’ పెట్టి, ఆపైన ‘ఆఫ్టర్’ గానీ ‘సిన్స్’ గానీ తగిలించండి. ‘ఆల్మోస్ట్ టెన్ ఇయర్స్ టు ద డే’ అని రాసేవాళ్లూ ఉన్నారు. నా చేతికొస్తే ‘ఆల్మోస్ట్’, ‘టు ద డే’లలో ఒకటి ఎగిరిపోతుంది. ఇంచుమించుగా పదేళ్లయితే ఇక రోజు లెక్క దేనికి? ‘టు దిస్ డే’ వేరు, దానర్థం ‘ఇప్పటికీ’.

ఇంకో చిక్కు మన ఇళ్లలోనే. తాతగారి సంవత్సరీకానికి విదేశాల్లో ఉన్న బంధువులకు ఇంగ్లిష్‌లో మెయిల్ పెడుతూ ‘వన్ ఇయర్ టు ద డే’ అనకండి. మనం పెట్టేది తిథి ప్రకారం. ఇంగ్లిష్ తేదీ ముందుకో వెనక్కో జరుగుతుంది. ‘ఫస్ట్ డెత్ యానివర్సరీ’ అని, పక్కన తిథి, ఆ ఏడు అది పడిన తేదీ రాయండి.