వ్యాన్ ట్యాంకులో నీళ్లు పట్టేముందు

విజయవాడ, గుంటూరు మధ్య ఎక్కడైనా ఆగి క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని, పడుకునే వీలున్న బండి) నీళ్ల ట్యాంకు నింపుకుంటుంటే, పైపు తగిలించే ముందు ఇవి చూసుకోండి.

• ముందుగా మూత చూడండి. కొన్ని బండ్లలో నీళ్ల మూత, డీజిల్ మూత ఒకే పక్కన ఉంటాయి. మీ చేత్తోనే తెరవండి, బంకు కుర్రాడికి వదిలేయొద్దు.

• తాగే నీళ్లేనా అని అడగండి. దాబాల దగ్గర బయటి కుళాయిలో బోరు నీళ్లు రావచ్చు. గ్లాసులో పట్టి రంగు, వాసన చూడండి. తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు. అనుమానముంటే తాగడానికి వేరే క్యాన్ కొనుక్కోండి. బందరు కాలువ నీళ్లు ఎంత చల్లగా కనిపించినా ట్యాంకులోకి వద్దు.

• మీ సొంత పైపే వాడండి. అక్కడ నేలమీద పడున్న పైపుతో బండ్లు కడుగుతారు, ఇంకా ఏమేం కడుగుతారో! టాయిలెట్ క్యాసెట్ (వ్యాన్ టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే పెట్టె) కడిగే పైపు, మీ నీళ్ల పైపు దగ్గరికే రాకూడదు. ఎండలో పడున్న పైపులో నీళ్లు కాగి ప్లాస్టిక్ వాసన కొడతాయి. కాసేపు బయటికి వదిలాకే పట్టండి.

• ట్యాంకులోంచి నీళ్లు బయటికి వదిలే డ్రెయిన్ వాల్వ్ మూసుందా?

• 100 లీటర్లంటే బండి మీద 100 కిలోలు. ఊళ్లోనే తిరిగేటట్టయితే సగం చాలు, మే ఎండల్లో నిల్వ నీళ్లు త్వరగా పాడవుతాయి కూడా.